నిద్రలో జారిపోయిన కోపు

2023 వేసవి. తిరుపతిలో ఒక ఆసుపత్రిలో ఈఈజీ టెక్నీషియన్‌గా నాకు అది పదో ఏడు. తల మీద ఎలక్ట్రోడ్లు అతికించి మెదడులోని విద్యుత్ అలలను తెర మీద గీతలుగా చూసే పరీక్ష ఈఈజీ. ఒక రోజు పొద్దున పదింటికి వడమాలపేట నుంచి మునెమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. వెంట భర్త మునిరత్నం.

"కోలాటంలో ఎప్పుడూ ముందు వరసే పాపా," అంది, నేను తలకు పేస్టు రాస్తుంటే. "పాత కోపులన్నీ వస్తాయి. కొత్త కోపే నిలబడ్డంలేదు. నేర్చుకున్న దినం తప్పు లేకుండా ఆడతాను. రొండు నిద్దర్లు పోతే ఒక్క అడుగూ గుర్తుండదు. ఈసారి బ్రహ్మోత్సవాలకు జట్టోళ్లు నన్ను వద్దంటాండారు."

కోపు అంటే కోలాటంలో ఒక అడుగుల వరస.

"దీనికి శ్రద్ధ లేదు మేడం. దినామూ తిడతానే ఉండాను," అన్నాడు మునిరత్నం. ఆమె తల దించుకుంది.

డాక్టరుగారు రాసింది స్లీప్ ఈఈజీ. నిద్రలోనే తీయాలి కాబట్టి ముందు రాత్రి తక్కువ పడుకుని రమ్మన్నాం. తీరా మంచమెక్కాక, "ఈ తీగల్తో యాడ నిద్దరొస్తాది?" అని ఒకటే నవ్వు. దీపం ఆర్పి, కొత్త కోపు మనసులో ఆడుకోమన్నాను. కాసేపటికే గురక.

తెర మీద స్లీప్ స్పిండిల్స్ మొదలయ్యాయి. మెదడు నడుమ ఉండే థాలమస్ పుట్టించే, కదురు ఆకారపు అలలివి. వాటి మధ్యలో ఎడమ కణత వైపు, ఉండకూడని సూదుల్లాంటి గీతలు. నిద్ర చిక్కబడేకొద్దీ ఎక్కువయ్యాయి. వెంటనే డాక్టరుగారిని పిలిచాను.

ఆయన చాలాసేపు చూసి, ఈమె ఎప్పుడైనా ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతుందా అని అడిగారు. మునిరత్నం ఆలోచించాడు. "పొద్దున లేస్తానే ఒక్కోసారి పెదాలు చప్పరిస్తా అట్లే చూస్తాది సార్. నిద్దరమత్తు అనుకుంటి."

"మూర్ఛలో ఇదొక రకం," అన్నారు డాక్టరుగారు. "పగలు నేర్చుకున్నదాన్ని కణత లోపలుండే హిప్పోక్యాంపస్ అనే భాగం పట్టి ఉంచుతుంది. నిద్రలో దాన్ని మెదడు పైపొర కార్టెక్స్‌కు కొంచెం కొంచెంగా అప్పజెబుతుంది. ఆ అప్పగింతకు ఈ గీతలు అడ్డొస్తున్నట్టున్నాయి. శ్రద్ధ లేక కాదు. మాత్రలతో తగ్గే అవకాశం ఉంది."

మునిరత్నం భార్య వైపు తిరిగాడు. "ఇన్ని నెల్లు నిన్ను ఊరికే తిడితి గదే," అన్నాడు.

మాత్రలు వాడి, బ్రహ్మోత్సవాలకు ముందు మళ్లీ పరీక్షకు వచ్చారు. ఈసారి స్పిండిల్స్ శుభ్రంగా ఉన్నాయి, సూదులు ఒకటీ అరా. లేచీ లేవగానే, జుట్టునిండా పేస్టుతోనే, మునెమ్మ కోలలకు బదులు నా టేబుల్ మీది స్కెచ్ పెన్నులు రెండు నా చేతికిచ్చి తానో రెండు పట్టుకుంది. "నేర్చుకొని నెల అయింది పాపా, సూడు!" కోపు మొత్తం ఆడింది. నేనే అడుగడుగునా తప్పాను. తలుపు దగ్గర గుమిగూడినవాళ్లు చప్పట్లు కొట్టారు. "ముందు వరసలోనే ఉండాది మేడం," అన్నాడు మునిరత్నం, తానే ఆడినంత సంబరంగా.

రోగం పేరు చెప్పడం నా పని కాదు. కానీ మతిమరుపని వచ్చిన ప్రతివాళ్లనూ ఇప్పుడు ఒక ప్రశ్న అడిగి కాగితం మీద రాసి పెడుతున్నాను: మరిచిపోయేది ఆ రోజేనా, నిద్రలేచాకనా? వెంట వచ్చినవాళ్లకు, రిపోర్టు వచ్చేదాకా తిట్టొద్దని చెబుతాను. చాలామంది నవ్వేస్తారు. కొందరు మాత్రం పక్కన కూర్చున్న మనిషి చెయ్యి పట్టుకుంటారు.