తొమ్మిది పులుల తుపాకీ

తొంభైల మొదట్లో జూబ్లీహిల్స్‌లో ఇల్లు కట్టుకున్న ప్రతి నిర్మాతకూ గృహప్రవేశం నాటికి ఒక తాత అవసరమయ్యేవాడు. బండలు పేల్చి వేసిన పునాది మీద అన్నీ అమరాయి, వంశం ఒక్కటే తక్కువైందని అనిపించేది కాబోలు. అలాంటి ఇళ్ల గురించి మా పత్రిక ఆదివారం అనుబంధానికి రాయడం నా పని. ఆ పని మీదే ఒక కోస్తా నిర్మాత ఇంటికి వారంలో మూడుసార్లు వెళ్లాను.

ఆయన తాత రెండు గొట్టాల పాత తుపాకీ రూపంలో వచ్చాడు. లైసెన్సు సక్రమంగానే ఉంది. తుపాకీ ఎక్కడిదని అడిగితే మాత్రం నిర్మాతగారు ఒక్కోసారి ఒక్కో జిల్లా పేరు చెప్పేవారు. దాన్ని పట్టుకుని మా పత్రికలో ఫొటో వేయించుకోవాలని ఆయన కోరిక. కానీ తుపాకీ వెనక భాగపు కర్ర నిండా గీతలు, సొట్టలు. వార్నిష్ పెచ్చులు లేచి ఉంది.

బాగు చేయడానికి యూసుఫ్‌గూడ నుంచి ఒక పాలిష్ మేస్త్రీని పిలిపించారు. తండ్రి కాలం నుంచీ నవాబుల పాత దేవిడీల తలుపులకు, బల్లలకు మెరుగు పెట్టిన మనిషి. ఆ పని తగ్గిపోయాక ఫిల్మ్‌నగర్ సెట్లలో కొత్త కుర్చీలను గొలుసుతో కొట్టి, టీ డికాక్షన్ పూసి, నూరేళ్ల కుర్చీలుగా మార్చి బతుకుతున్నారు. ఆ పని ఇచ్చేదీ ఈ నిర్మాతే.

గొట్టాలు విప్పి బీరువాలో పెట్టి, కర్ర మాత్రం మేస్త్రీకి ఇచ్చారు. ఆయన వెనక వరండాలో కూర్చుని గాజుపెంకుతో పాత వార్నిష్ గీకేశారు. సొట్టల మీద తడిగుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే, ఆవిరికి చెక్క ఉబ్బి సొట్ట పైకి లేచింది. సన్నటి గరుకు కాగితంతో రుద్ది, అవిసె నూనె అరచేత్తో పట్టించారు. ఆరనిచ్చి మళ్లీ పట్టించారు. మూడో రోజుకు కర్రలోని నల్లటి ఈనెలు బయటపడ్డాయి. ఆ ఇంట్లో నిజంగా వయసున్న వస్తువు అదొక్కటే.

నిర్మాత వచ్చి చూశారు. "మెరవట్లేదేంటయ్యా?"

"మెరవదు సార్. నూనె లోపటికి తాగింది. జర చెయ్యి పెట్టి సూడుండ్రి."

ఆయన చెయ్యి పెట్టలేదు. కర్రను భుజానికి ఆనించే చివర వరసగా ఉన్న ఏడు గీతలు చూపించి, "వీటి జోలికి మాత్రం వెళ్లకు. మా తాతగారు కొట్టిన పులులివి," అన్నారు.

మేస్త్రీ కర్రను వెలుతురుకు తిప్పారు. "ఇనుప మంచం కింద పెట్టి గుంజితే పడ్డ గీతలు సార్ ఇవి. అన్నీ ఒకటే దిక్కుకున్నయి."

నేను నా నోట్‌బుక్‌లోకి చూశాను. నిర్మాతకు కోపం కూడా రాలేదు. "ఏదైతేనేం, ఇంకో రెండు పెట్టు. పక్కవీధాయన తుపాకీకి ఎనిమిదున్నాయంట."

"గది నాతోని గాదు సార్."

"సెట్లో కొత్త కుర్చీకి వందేళ్లు తెప్పిస్తావు, దీనికి రెండు గీతలు గీయలేవా?"

"గాడ ఉత్తుత్తిదని అందరికీ ఎరుకే. ఇది అసల్ది. మూడు దినాలు గాయాలు మాన్పి, మళ్ల నేనే గాయం జెయ్యాల్నా?"

"అయితే రేపట్నుంచి సెట్‌కి కూడా రానక్కర్లేదు."

"మంచిది సార్. ఇంకొక్క పూత ఉన్నది, వేసి పోత."

అన్నట్టే తొందరపడకుండా చివరి పూత పట్టించి, ఇస్త్రీ పెట్టె, గుడ్డలు సంచీలో సర్దుకుని వెళ్లిపోయారు.

మర్నాడు సెట్ పెయింటర్ వచ్చి ఉలితో రెండు గీతలు చెక్కాడు. రెండోదానికి చెక్క పెచ్చు ఊడింది. అక్కడ లప్పం కూరి, కర్రంతా మందంగా వార్నిష్ కొట్టాడు. కింద నూనె ఇంకా ఆరలేదు కాబట్టి వార్నిష్ బొబ్బలెక్కింది. "ఫొటోలో కనబడవు లెండి," అన్నారు నిర్మాత. ఆ పరిశ్రమలో ఒక వస్తువుకు పెట్టే పరీక్ష అదొక్కటే. నిజంగానే కనబడలేదు.

ఫొటో కింద రెండు వాక్యాలు నేనే రాశాను. తొమ్మిది పులులనే రాశాను. డెస్క్‌లో ఎవరూ అడగలేదు. ఏ అడవిలో అని పాఠకులూ అడగలేదు. సోమవారం నిర్మాతగారి నుంచి ఆఫీసుకు కాజాల డబ్బా వచ్చింది, అందరం తిన్నాం.

మేస్త్రీ ఆ తర్వాత సెట్లలో కనిపించలేదు. మధురానగర్‌లో ఇళ్ల తలుపులకు రంగులు వేస్తున్నారని ఎవరో చెప్పారు. నేను అద్దెకుండేది ఆ కాలనీ పక్కనే. కొన్నాళ్లపాటు ఆ కాలనీ ముందున్న నా బస్సు స్టాపులో దిగకుండా, తర్వాతి స్టాపు దాకా వెళ్లి, వెనక వీధిలోంచి ఇంటికి నడిచి వచ్చేవాణ్ని.