శ్రీలంక వెళ్లొచ్చిన జీవరాజు

నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటుకి టిక్కెట్లు ఇచ్చే జీవరాజు ఎడమ మోకాలు వంగదు. 1988లో శ్రీలంకలో, జాఫ్నా దగ్గర మందుపాతర పేలి అలా అయింది. ఎవరైనా అడిగితే “శాంతిసేనలో తగిలిందండి” అనేవాడు. శాంతిసేనలో మందుపాతరలేమిటని వాళ్లు నవ్వేవారు.

రోజూ సఖినేటిపల్లి నుంచి పంటు మీద వచ్చే ఉదయభాస్కర్‌గారు కాలేజీలో పొలిటికల్ సైన్స్ లెక్చరర్. మన సైన్యం శ్రీలంకకి ఎందుకు వెళ్లిందన్న విషయం మీద ఆరేళ్లుగా పీహెచ్‌డీ చేస్తున్నారు. ఆ ఆరేళ్లూ జీవరాజు చేతి మీదుగానే టిక్కెట్టు తీసుకున్నారు. అతను అక్కడ పోరాడి వచ్చిన మనిషని మాత్రం 1999 జూలైలో తెలిసింది.

“ఏంటి జీవరాజూ, ఇన్నాళ్లూ చెప్పలేదేంటి?”

“మీరు అడగలేదు కదండి.”

పంద్రాగస్టు నాడు కాలేజీలో సభ పెట్టి అతన్ని వేదిక ఎక్కించారు. ముందు లెక్చరర్‌గారు బోర్డు మీద హిందూ మహాసముద్రం గీసి కారణాలు వివరించారు. ట్రింకోమలీ రేవు పరాయి నౌకలకి దక్కకూడదు. అక్కడి చమురు ట్యాంకులు వేరే దేశం చేతిలో పడకూడదు. అమెరికా రేడియో కేంద్రం మన గడప ముందు ఉండకూడదు. మద్రాసులో ఓట్లు పోకూడదు. ఈ చుట్టుపక్కల పెద్దదిక్కు ఎవరో అందరికీ తెలియాలి. జీవరాజు చేతులు కట్టుకుని శ్రద్ధగా విన్నాడు. తన మోకాలి వెనక ఇంత వ్యవహారం ఉందని అతనికి ఆ రోజే తెలిసింది.

తర్వాత అతన్ని రెండు నిమిషాలు మాట్లాడమన్నారు.

“తమిళవాళ్లని కాపాడాలి, సింహళవాళ్లతో రాజీ చెయ్యాలి అని మాకు చెప్పారండి. దిగిన రోజు దండలేశారు. మా అమ్మ వయసావిడ ఒకావిడ కొబ్బరినీళ్లిచ్చింది. అక్టోబర్‌లో తమిళ పులులతోనే యుద్ధమొచ్చి ఆ వీధిలోకే కాల్పులు జరుపుతూ వెళ్లాం. ఆవిడ ఇంటికి గోడలు లేవు. ఆవిడ ఏమైందో తెలీదు. చివరికి రాజీ కుదిరిందనుకోండి. అక్కడి సర్కారూ, పులులూ ఒకటై మనల్ని పొమ్మన్నారు.”

పిల్లలు పడీపడీ నవ్వారు. అతను నవ్వలేదు. లెక్చరర్‌గారి వైపు తిరిగాడు.

“మాస్టారూ, మీరు రాసిన కారణాల్లో ఆవిడ ఎక్కడ వస్తుందండి?”

“అది మానవీయ కోణం జీవరాజూ. థీసిస్ చివర అనుబంధంలో పెడుతున్నాను” అన్నారాయన, నిజంగానే అభిమానంగా.

శాలువా కప్పారు. రెండు రోజుల తర్వాత ఒక పేపర్లో ఫొటో పడింది. పైన పెద్దక్షరాలు: ‘కార్గిల్ వీరుడికి సన్మానం’.

“కార్గిల్ ఏంటే? రేపెళ్లి దిద్దమంటాను” అన్నాడు భార్యతో.

“వద్దండి. శ్రీలంకంటే ఎవరికి గుర్తుంది?” అని సూర్యకళ ఆ ముక్క కత్తిరించి ఫ్రేము కట్టించింది.

రేవులో కొత్త గౌరవం మొదలైంది. వారం రోజులు అతను ఒక్కొక్కరికీ కాదు కాదని చెప్పాడు. వాళ్లు అది వినయం అనుకుని ఇంకా మెచ్చుకున్నారు. ఎనిమిదో రోజు ఒక పెద్దాయన టిక్కెట్టు తీసుకుంటూ “అక్కడ చలి బాగా ఎక్కువేమోనండి?” అని అడిగాడు.

“చాలా ఎక్కువండి” అన్నాడు జీవరాజు. “పంటు కదులుతుంది, ఎక్కండి.”