బహుమతి వచ్చిందని వణికిన రోజు

మా చిన్నప్పుడు... పుదుచ్చేరిలో ఇంకా ఫ్రెంచి దొరలే ఉన్న రోజుల్లో... మా బడి పెద్ద కన్యాస్త్రీ తరగతిలోకి వచ్చి, వ్యాసాల పోటీలో మొదటి బహుమతి నాదేనని చెప్పింది. ఆవిడను మేం మదరు అనేవాళ్ళం. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. నేను బల్ల కింద వణుకుతున్న మోకాళ్ళను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.

సంతోషంతో అనుకునేరు... కాదు. మొదటి బహుమతి వచ్చిన పిల్ల తన వ్యాసాన్ని పెద్దలందరి ముందు వేదిక మీద నిలబడి చదవాలి. నా వ్యాసమేమో మా నాయన గురించి.

మెచ్చుకుంటూ రాసింది కాదు.

అసలు తప్పంతా మదరుది. మొదట నేనూ అందరిలాగే నాయన సూర్యుడు, అమ్మ చంద్రుడు అని రాసిచ్చాను. ఆవిడ ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, "ఈ ఇంట్లో మనుషులెవరూ ఉండరా?" అని పక్కన రాసింది. పైగా పోటీకి ఎంచిన పిల్లల్ని సెలవుల్లో పిలిపించి, ప్రార్థన గది వెనక ఒక్కొక్కరిని ఒక్కో మూల కూర్చోబెట్టింది. సాయంత్రం దాకా నోరు విప్పకూడదు. మీరిప్పుడు డబ్బు కట్టి కొండల మీదకు వెళ్ళి రచనా శిబిరాలు అంటున్నారే... మాకది ఊరికే దొరికింది, దోమలతో సహా.

ఆ నిశ్శబ్దంలో కూర్చుంటే నాకు మా ఇంటి నిశ్శబ్దం గుర్తొచ్చింది. మా ఊరు మురుంగపాక్కంలో నాయన పొలం నుంచి వస్తున్నాడంటే ఇంట్లో మాటలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయేవి. ఆయన కొట్టేవాడు కాదు, తిట్టడమూ తక్కువే. చూసేవాడు, అంతే. అదే రాశాను. ఫ్రెంచిలో కదా, ఇంట్లో ఎవరికి తెలుస్తుందిలే అని ధైర్యం. మేం మాట్లాడేది తెలుగే గానీ దాని అక్షరాలు మా ఇంట్లో ఎవరికీ రావు. నాయనకైతే ఏ భాష అక్షరాలూ రావు.

కానీ మా చిన్నాయనకు ఫ్రెంచి వచ్చు. కోర్టులో గుమాస్తా. దొరల మాటలు తెలుగు చేసి చెప్పడమంటే ఆయనకు పెళ్ళి భోజనం. బహుమతుల రోజున నాయన పక్కన ఆయన కూర్చుంటాడని తెలిసి, మా అవ్వ దగ్గరకు పరుగెత్తి అంతా చెప్పుకున్నాను.

అవ్వ వక్క నములుతూ విన్నది. "ఉన్నదే రాస్తివి గదమ్మే," అంది. "ఇంక నీకు పళ్ళికూడం లేదు. పొయ్యి ముందర కూచోని బూడిదలో రాసుకో."

అన్నంత పనీ చేసే ఇల్లే మాది. బడి మాన్పించడానికి మా నాయనకు ఒక్క మాట చాలు.

ఆ రోజు రానే వచ్చింది. నాయన గంజి పెట్టిన తలపాగాతో ముందు వరసలో కూర్చున్నాడు. వ్యాసం మార్చి చదువుదామా అనుకున్నాను. మదరన్నా భయమే, నాయనన్నా భయమే... మదరు దగ్గరగా నిలబడి ఉంది. ఉన్నదున్నట్టే చదివాను. చిన్నాయన పెదవులు నాయన చెవి దగ్గర కదులుతూనే ఉన్నాయి. ఒకచోట దొరసానులు నవ్వారు. నాయన మెల్లగా తల తిప్పి వాళ్ళ వైపు చూశాడు. ఆ తర్వాత ఏం చదివానో నాకే తెలియదు.

అందరం బండెక్కాం. ఇల్లు చేరాక నాయన తిన్నె మీద కూర్చుని చిన్నాయనను పిలిచాడు.

"ఏంరా, నేను దేవుడి మాదిరి అని రాసిందంటివే ఈ పిల్ల?"

"అవునన్నా. అట్లే రాసింది." అంటూనే చిన్నాయన ఒక్కడుగు వెనక్కి వేశాడు. దొరల ముందు గడగడా మాట్లాడే ఆ మనిషికి కూడా నాయనంటే నా అంత భయమని అప్పుడు తెలిసింది.

"దేవుడి గురించి చెప్తే ఆ దొరసానులు ఏంటికి నవ్విరి?"

అడిగి, నాయన నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పమ్మే. మన మాటల్లో చెప్పు. ఏదీ ఇడిసిపెట్టొద్దు."

తలుపు వెనక అమ్మ గాజుల చప్పుడు ఆగిపోయింది. అబద్ధం చెప్పొచ్చు... చిన్నాయన దారి వేసే ఉంచాడు. కానీ ఆయన చూస్తుండగా అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు. కాగితం విప్పాను. ఆయన వచ్చే వేళకు అవ్వ దగ్గు ఆపుకుంటుందని, తమ్ముడు అన్నం నమలకుండా మింగుతాడని, పిల్లి గోడ దూకి పోతుందని చెప్పాను. నాయన ముఖం నేనెప్పుడూ సరిగ్గా చూడలేదని, పాదాలైతే ఎంతమందిలో ఉన్నా గుర్తుపడతానని కూడా చెప్పాను.

నాయన ఒకసారి గోడ వైపు చూశాడు.

"పిల్లి కూడానా?" అన్నాడు నాయన.

ఇప్పుడైతే నవ్వొస్తుంది. ఆ రోజు ఎవరికీ రాలేదు.

తర్వాత లేచి, "పళ్ళికూడానికి పో. ఏం రాసినా ముందర నాకు చదివి చెప్పాల," అని లోపలికి పోయాడు. అవ్వ ఊపిరి వదిలింది. నేను వదల్లేదు.

పెళ్ళయ్యేదాకా ప్రతి రాతా ఆ తిన్నె ముందు నిలబడి తెలుగు చేసి వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. బాగుందని ఒక్కనాడూ అనలేదు. ఎక్కడో ఒకచోట కళ్ళు తెరిచేవాడు. అక్కడ నేనేదో దాచానని, లేదంటే గొప్పలకు పోయానని నాకే తెలిసిపోయేది. లోపలికి వెళ్ళి కొట్టేసి మళ్ళీ రాసేదాన్ని. రాయడం నేర్చుకున్నది అక్కడే... భయపడడం మాననిదీ అక్కడే.

తెలుగు అక్షరాలు అత్తవారింట్లో నేర్చుకున్నాను. ఇప్పుడిలా ఫోనులో రాస్తున్నాను. పెట్టిన నిమిషానికే ఎర్ర గుండెకాయలు వచ్చి పడతాయి. నిమిషంలో ఎవరు చదివారే అని మనవరాలిని అడిగితే, "చదవకపోయినా పెడతారవ్వా" అంటుంది. తొంభై దాటినదాన్ని కదా, ఏం రాసినా దండాలే. అబద్ధం రాసినా పట్టుకునేవాళ్ళు లేరు... ఈ వయసులో నాకు కొత్తగా పట్టుకున్న భయం అదే.

మీ రాతలు మొదట ఎవరికి వినిపించారు? వాళ్ళేమన్నారు? కింద రాయండి... ఉత్త గుండెకాయ పెట్టి పోతే మాత్రం ఊరుకోను.