కాలబంధం మంత్రానికి ప్రూఫ్ దిద్దిన రోజు

2011 సెప్టెంబరు చివరి వారం, బుధవారం. జగిత్యాలలో నా ప్రింటింగ్ ప్రెస్. ఉన్నవారు: నేను, మా మిషన్‌మన్ శామ్యూల్, సిరిసిల్ల మరమగ్గాల ఇంటి అమ్మాయి రజిత, ఆమెతో డిగ్రీ చదివే కోరుట్ల లక్ష్మి. వీళ్ల జట్టులోనే ఉన్న పెగడపల్లి నవీన్ రోడ్డుకు అవతల, రిలే నిరాహార దీక్ష టెంటులో. ఆనాటి డైరీ పేజీ ఈ పేర్లతోనే మొదలవుతుంది.

సకల జనుల సమ్మె నడుస్తోంది. కాలేజీలు లేవు, బస్సులు లేవు, కరెంటు ఉన్నంతసేపే మిషన్. అలాంటి రోజుల్లో రజిత ఒక పుస్తకం అచ్చుకు తెచ్చింది. పెళ్లి పత్రికలు, బిల్లు బుక్కులు, కరపత్రాలు తప్ప వేరే పని ఎరగని ప్రెస్సుకు అది కొత్త పని. ఆమె సొంతంగా కట్టిన ఆటకు నియమాల పుస్తకం అది. ఆటకు బోర్డు ఉండదు. ఒకరు కథ నడుపుతారు, ఇక్కడ ఆ పని రజితది. మిగిలినవాళ్లు తలా ఒక వీరుడై, ఏం చేస్తారో నోటితో చెబుతారు. అది ఫలించిందా లేదా తేల్చడానికి ఒక స్టీలు గ్లాసు, అందులో ఒకటి నుంచి ఇరవై దాకా తంబోలా బిళ్లలు. పెద్ద అంకె వస్తే గెలుపు.

అచ్చుకు ముందు తీసే నమూనా కాగితాన్ని ప్రూఫ్ అంటాం. తప్పులు దిద్దడం అక్కడే. దాన్ని అచ్చు రేకుకు ఎక్కించి ప్లేట్ చేశాక దిద్దడం కుదరదు. రజిత పుస్తకంలో అక్షర దోషాలు లేవు. అయినా ఆమె ప్లేటుకు ఒప్పుకోలేదు. చిక్కంతా కాలబంధం అనే మంత్రంతో. మంత్రగాడు అది వేస్తే లోకమంతా ఆగిపోతుంది, అతనొక్కడే మూడు పనులు చేసుకోవచ్చు. ఆ మంత్రగాడు నవీన్. ప్రతిసారీ కాలం ఆపి, తలుపు తనే తీసి, శత్రువును తనే కొట్టి, నిధి కూడా తనే ఎత్తుకునేవాడు. విలుకత్తె లక్ష్మి బాణం తీసేలోపే కథ అయిపోయేది.

మొదటి ప్రూఫులో రజిత మూడు పనులను ఒకటికి తగ్గించింది. "గిది మంత్రమా, తుమ్మా?" అని నవీన్ ముఖం మాడ్చుకున్నాడు. రెండో ప్రూఫులో ఆటలో గడిచే రోజుకు ఒక్కసారే వేయాలని రాసింది. అప్పుడు వాళ్ల వీరులు పొద్దున్నే మంత్రం వేసి ఒక శత్రువును పడగొట్టి, మళ్లీ శక్తి వచ్చేదాకా గుహలో పడుకోవడం మొదలుపెట్టారు. మిషన్ ఆగినప్పుడల్లా ఆటలో కలిసే శామ్యూల్, "మనకన్నా రాక్షసుడే నయం సేటూ, మెలకువతోనన్న ఉన్నడు" అన్నాడు.

ఆ బుధవారం లక్ష్మి కోరుట్ల నుంచి షేర్ ఆటోలో వస్తూనే, ఇదే తన ఆఖరి ఆట అని చెప్పేసింది. చూస్తూ కూర్చోడానికైతే ఇంట్లో టీవీ ఉందట. రజిత కాసేపటికి నా దగ్గరికి వచ్చి, లక్ష్మి లేని ఆట తనకు వద్దని, పుస్తకం పని ఆపేయమని మెల్లగా చెప్పింది. ఈ ఒక్క ఆట అయ్యాక చూద్దామన్నాను.

నవీన్ దీక్షలో ఉన్నాడు కాబట్టి ముగ్గురే ఆడాలనుకున్నారు. కానీ అతను వదిలితేనా. ప్రెస్సుకు, టెంటుకు నడుమ రోడ్డు ఇరుకు, పైగా బస్సుల మోత లేదు. ప్రతి మాటా వింటూ తన వంతు తనకు ఇవ్వాలని అరిచాడు. శామ్యూల్ గ్లాసు పట్టుకుని రోడ్డు దాటాడు. దీక్షలో ఉన్న ఓ పెద్దాయన అడ్డం పడ్డాడు.

"దీక్షల ఉన్న పోరనికి ఛాయ్ తెస్తున్నవా?"

శామ్యూల్ గ్లాసు వంచి బిళ్లలు చూపించాడు. అంతే, టెంటంతా ఆటలోకి వచ్చేసింది. చెరువు నీళ్లు పొలాలకు పోకుండా తూముకు అడ్డంగా పడుకున్న రాక్షసుడి కథ. దీక్ష పాటల నడుమ ఖాళీ దొరకగానే నవీన్ బ్యాటరీ మైకు అందుకున్నాడు.

"కాలబంధం ఏస్తున్న. ఇగ నేను పోయి తూము తెరుస్తున్న."

రోడ్డు మీద పోయే స్కూటరు ఆగింది. లక్ష్మి గడప మీదికి వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"దీక్షల కూసున్నోడివి లేసి ఎట్ల పోతవ్ రా? కాలం ఆపుతె ఆపు. కూసున్న జాగల నుంచి కదిలితె మంత్రం పోతది. ఉరికేది మేము."

టెంటులో నవ్వులు. రజిత నవ్వలేదు. ఆ మాటను ప్రూఫు అంచున రాసుకుంది. తర్వాత, అదే నియమమని ప్రకటించింది. మంత్రగాడు కూర్చుని కాలాన్ని పట్టి ఉంచాలి, పనులు మాత్రం మిగిలినవాళ్లవి. ప్రతి వంతుకూ అతను బిళ్ల తీయాలి. చిన్న అంకె వస్తే పట్టు జారుతుంది.

ఆట ఒక్కసారిగా ప్రాణం పోసుకుంది. లక్ష్మి రాక్షసుడి భుజం మీదుగా పాకుతోంది. శామ్యూల్ గ్లాసుతో రోడ్డు దాటి పోతున్నాడు, వస్తున్నాడు. లక్ష్మి తూముకు చేయి వేయబోతుండగా నవీన్‌కు మూడు వచ్చింది. కాలం కదిలితే రాక్షసుడు లేస్తాడు. అప్పుడు శామ్యూల్, "రిలే దీక్షనే గద? నువ్వు లే తమ్మీ, నీ జాగల నేను కూసుంట" అన్నాడు. ఇది చెల్లుతుందా అని రజిత వైపు చూశాం. ఆమె తల ఊపింది. శామ్యూల్ తీసిన బిళ్ల పందొమ్మిది. లక్ష్మి తూము తెరిచింది. నీళ్లు వదిలినందుకు టెంటులో వాళ్లు చప్పట్లు కొట్టారు. సాయంత్రం నిమ్మరసం తాగిస్తుంటే నవీన్, మంత్రం వేస్తే తనకు ఇంతమంది చప్పట్లు ఎప్పుడూ కొట్టలేదన్నాడు.

అంతవరకు ప్రూఫంటే కళ్లతో చూసేది అనుకునేవాణ్ణి. ఆ తర్వాత వంటల పుస్తకం వచ్చినా, అందులోని ఒక్క కూరైనా ఇంట్లో వండించి చూడనిదే ప్లేట్ చేయలేదు.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి షట్టరు ముందు లక్ష్మి ఉంది. శామ్యూల్ షట్టరు లేపగానే లోపలికి వెళ్లి, ఆటలో నవీన్ ఎప్పుడూ కూర్చునే కుర్చీ లాక్కుని, కాళ్లు మడిచి కూర్చుంది.

"ఇయ్యాల మంత్రం నాది. నన్నెవ్వలు లేపద్దు."

రజిత దిద్దిన మూడో ప్రూఫు అందుకుని, నేను ప్లేట్ చేయడానికి లోపలి గదిలోకి వెళ్లాను.