లీవ్‌కీ అబాండన్‌కీ నేను చెప్పిన తేడా

లీవ్ అంటే మా స్కూల్లో అందరికీ సెలవు చీటీ. నాకొక్కడికే దాని రెండో అర్థం కూడా తెలుసు. ఆ తెలివితో నేను చేసిన పని ఒకటుంది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళు లేరనుకోండి, అయినా చెప్పేవాణ్ణి కాదు.

నెల్లూరికి తూర్పున, గాలి తిరిగితే ఎండుచేపల వాసన క్లాసులోకి వచ్చేంత దూరంలో ఒక మిషను హైస్కూలు. అందులో ఇంగ్లీషు అయ్యవారిగా చేరి అప్పటికి ఏడాది. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. మీసం సంగతీ అంతే.

స్కూలుకి ఆడపిల్లల బోర్డింగు ఉండేది. ఏటా జూన్‌లో రెండు మూడు సీట్లు ఖాళీ అయ్యేవి. తండ్రి చనిపోయిన పిల్లలకి, లేదా తండ్రి వదిలేసిన పిల్లలకి మాత్రమే అవి. తండ్రి ఎక్కడో పనిచేసుకుంటూ ఉంటే సీటు లేదు. తల్లులు వచ్చి వరండాలో నిలబడి తమ కష్టం చెప్పుకునేవాళ్ళు. నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చేవాణ్ణి. బోర్డింగు నడిపే దొరసాని రిజిస్టరులో రాసుకునేది. పక్కన పాస్టరుగారు కూర్చునేవారు. సీటు వచ్చిన పిల్ల పేరు, ఏ కారణంతో వచ్చిందో ఆ కారణం, మూడు ఆదివారాలు మిషను గుడిలో చదివేవాళ్ళు. పెళ్ళి ప్రకటనలు చదివినట్టే. అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి చెప్పొచ్చు. దొంగ అనాథలు జొరబడకుండా ఆ కట్టుబాటు. ఒకసారి పడాల్సిన సిగ్గుని మూడుసార్లు పడాలన్నమాట.

ఆ ఏడాది వచ్చినవాళ్ళలో సముద్రం ఒడ్డున జాలర్లుండే పట్టపుపాళెం నుంచి ఒకామె ఉంది. ఆమె కూతురు నా దగ్గర థర్డ్ ఫారం చదివి క్లాసులో మొదటిదిగా పాసయింది. అప్పటిదాకా మా ఊళ్ళో పిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకుంది. ఆ పిన్నమ్మ వాళ్ళు సూళ్లూరుపేటకి మారిపోతున్నారు. బోర్డింగులో సీటు దొరక్కపోతే పిల్ల చదువు అయిపోయినట్టే.

"మా ఇంటాయన మద్రాసు హార్బరుకి కూలికి పోయినాడయ్యా," అంది ఆమె. "రెండేళ్ళయింది. మొదట్లో ఒక కార్డు ముక్క వచ్చింది. ఆనక లేదు. అయినా వస్తాడు. వల ఉండాది గదా."

"వలేందమ్మా?" అన్నాను.

ఆమె చెప్పింది. వాళ్ళ పాళెంలో పెద్ద వల ఏ ఒక్కడిదీ కాదు. తలా ఒక ముక్క తెచ్చి, కొసకి కొస కట్టి, ఒకే వలగా చేసి పడవెక్కిస్తారు. ఎవరి ముక్కకి వాళ్ళకి చేపల్లో పాలు, అంటే వాటా. మనిషి పనిమీద ఊరెళితే ముక్క అట్టే ఉంటుంది, పాలు పెళ్ళాం తెచ్చుకుంటుంది. ఊరితో తెగతెంపులు చేసుకుని పోయేవాడయితే తన ముక్క విప్పుకుని పోతాడు.

"ఈయన విప్పుకోలా. పోయే రోజు పొద్దున కూడా ముడులు చూసి బిగించి పోయినాడు," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె చేతులు గాల్లో ముడి బిగించాయి.

"ఏమంటోంది?" అని దొరసాని ఇంగ్లీషులో అడిగింది.

వలనీ, ముక్కనీ, పాలునీ ఇంగ్లీషులోకి ఎక్కించేంత పడవ నా దగ్గర లేదు. "భర్త రెండేళ్ళ కిందట మద్రాసుకి లీవ్ చేసి వెళ్ళాడు మేడమ్," అన్నాను. దొరసాని కలం మూత పెట్టబోయింది. "వెళ్ళాడా, వదిలేశాడా? లీవా, అబాండనా?" అంది.

తల్లి వెనకాల పిల్ల నిలబడి ఉంది. అటు చూశాను. "అబాండన్ మేడమ్," అన్నాను.

దయతోనే అన్నాను. కాకపోతే ఆ దయలో కొంత టెక్కు కూడా కలిసింది. పాస్టరుగారు, "రెంటికీ తేడా ఏమిటి బాబూ?" అని అడిగారు. నన్ను అలా ఎవరైనా అడగాలని ట్రెయినింగు కాలేజీ వదిలిన రోజు నుంచీ కాచుకుని ఉన్నాను. "రైలు స్టేషన్ని లీవ్ చేస్తుందండీ. సాయంత్రానికి మళ్ళీ వస్తుంది. మునిగిపోయే ఓడని అబాండన్ చేస్తారు. దాని మొహం మళ్ళీ చూడరు," అన్నాను, ఇంగ్లీషులోనే. దొరసాని నవ్వింది. చాలా చక్కగా చెప్పావంది. రిజిస్టరులో రాసింది.

"ఏం చెప్పినావయ్యా?" అని ఆ తల్లి అడిగింది.

"సీటొచ్చింది, పోమ్మా," అన్నాను. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది, నాకు.

ఆదివారం గుడిలో పాస్టరుగారు రిజిస్టరు చూసి, తన తెలుగులోకి మార్చి చదివారు. ఆయన తెలుగుకి మళ్ళీ తెలుగు కావాలి. "తండ్రిచేత విసర్జింపబడిన బిడ్డ," అన్నారు. ముందు వరస పిల్లలు కిసుక్కుమన్నారు. చాపమీద కూర్చున్న ఆ తల్లికి అర్థం కాలేదు. పక్కనున్న ముసలామె విడమర్చింది, గుడంతా వినపడేట్టు. "మీ ఆయన మిమ్మల్ని పారేసి పోయినాడంటమ్మే. నువ్వే చెప్పి రాయించినావంట."

ఆమె లేచి నిలబడింది. "లేదయ్యా. పారెయ్యలా. నేనట్ట చెప్పలా."

"మరెవరు చెప్పారమ్మా? ఇదిగో, రాసుంది."

ఆమె గుడంతా కళ్ళతో వెతికింది. నేను మగవాళ్ళ వైపు మూడో వరసలో ఉన్నాను. చేతిలో కీర్తనల పుస్తకం తెరిచి, ఎదురుగా పలకమీద రాసే ఉన్న నంబరు కోసం పేజీలు తిప్పుతున్నాను.

"ఆలోచించుకో," అన్నారు పాస్టరుగారు. "పారేసి పోయుంటేనే సీటు. పనికి పోయుంటే లేదు."

"చెప్పమ్మా, మొగుడా సీటా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఈసారి పెద్దవాళ్ళు కూడా నవ్వారు.

ఆమె కూతురి వైపు చూడలేదు. "పనికే పోయినాడు," అని కూర్చుంది. సీటు జాబితాలో తర్వాతి పిల్లకి పోయింది. సోమవారం ఈ పిల్ల పేరుమీద స్కేలు పెట్టి ఎర్రసిరాతో గీత కొట్టింది నేనే. గీత వంకర పోకుండా కొట్టాను.

పిన్నమ్మ ఇల్లు ఖాళీ చేసేదాకా ఇంకో వారం ఆ పిల్ల క్లాసుకి వచ్చింది. విసర్జింపబడినదాన్ని ఇంగ్లీషులో ఏమంటారు సార్ అని ఒక మగపిల్లాడు అమాయకంగా లేచి అడిగితే, నేను అంతకన్నా అమాయకంగా బోర్డుమీద రాశాను. మధ్యాహ్నానికి అబాండన్ వాళ్ళ నోట్లో అభాండం అయింది. "ఏమే అభాండం, పుస్తకం తేలేదా?" "అభాండం, మీ నాయన వచ్చినాడంట, గేటుకాడ ఉండాడు, పో." ఆ పిల్ల రెండుసార్లు గేటుదాకా వెళ్ళి వచ్చింది. మూడోసారి వెళ్ళలేదు. ఆ మొత్తం వ్యవహారంలో తర్జుమా సరిగ్గా చేసింది ఆ పిల్లలేనని నాకు తర్వాత తోచింది.

సీటు ఒక్కటే పోయిందనుకున్నాను. ఆ పాళెం పడవవాళ్ళలో ముగ్గురు ఆ ఆదివారం గుడిలో ఉన్నారని నేను ఆలోచించలేదు. పది రోజులకి బోర్డింగుకి చేపలు తెచ్చే ఆమె, బుట్ట దించుతూ చెప్పింది. "ఆ యమ్మ మొగుడి ముక్క విప్పేసినారయ్యా. పారేసి పోయినోడికి పాలేందని."

శనివారం సైకిలేసుకుని పాళెం వెళ్ళాను. పడవకి పెద్ద అయినాయన ఇసకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. ఆ మాట ఆమెది కాదనీ, నాదనీ చెప్పాను.

"అయ్యవారూ, దొరసాని పుస్తకంలో ఉండేది అబద్ధమంటావా?"

"అబద్ధం కాదు. తప్పు. నేను తొందరపడి అన్నమాట."

"అట్టయితే ఆ పొద్దు గుళ్ళో లేచి చెప్పకపోయినావా?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నేను సైకిలు హాండిలు అటూ ఇటూ తిప్పాను. అతను మళ్ళీ వల చేతిలోకి తీసుకున్నాడు. "ఆ జాగాలో మా అల్లుడి ముక్క కట్టేసినాం. ఇంక విప్పేదానికి లేదు. వాడికీ పెళ్ళాం బిడ్డలు ఉండారు."

ఆమె గుడిసె ముందు వల ముక్క కుప్పగా పడి ఉంది. కోడి ఒకటి దానిమీదెక్కి గింజలు వెతుకుతోంది. లోపల మనుషులున్నట్టే ఉంది. నేను పిలవలేదు. ఎదురుగాలిలో సైకిలు తొక్కడం కష్టమని నాకు నేను చెప్పుకుని తొందరగా బయల్దేరాను.

మరుసటి జూన్‌లో ఆమె మళ్ళీ వచ్చింది. పిల్ల బెత్తెడు పొడుగు పెరిగింది. వేళ్ళకి ఉప్పు కోసిన పగుళ్ళు. ఏడాదంతా కూలికి చేపలు ఎండేస్తోందట. నేను నోరు తెరవకముందే తల్లి, "మమ్మల్ని పారేసి పోయినాడని రాసుకోండయ్యా," అంది.

ఆ మాటని అక్షరం మార్చకుండా ఇంగ్లీషులో చెప్పాను.

దొరసాని పాత రిజిస్టరు తిప్పింది. "పోయిన ఏడాది సంఘమంతటి ముందూ లేదందిగదా. ఏది నిజం?"

"సీటు కోసం ఇంటాయన్నయినా వదులుకునేట్టుంది," అన్నారు పాస్టరుగారు తెలుగులో, పొడుం పీలుస్తూ.

నేను ప్రశ్నని తెలుగు చేశాను. ఆమె నా వైపు చూసే జవాబు చెప్పింది. "అప్పుడు వల ఉండిందయ్యా. ఇప్పుడు లేదు. నీకు తెలుసు గదా, చెప్పు."

"ఏమంటోంది?" అంది దొరసాని.

నన్ను పర్మినెంటు చేసే కాగితం ఆ బల్లమీదే ఉంది, సంతకం కోసం. వల సంగతి చెప్పాలంటే ముక్క సంగతి చెప్పాలి. ముక్క సంగతి చెప్పాలంటే దాన్ని విప్పించిన మాట ఎవరిదో చెప్పాలి. మెట్లకింద ఇంకా పదిహేనుమంది తల్లులు ఎండలో నిలబడి ఉన్నారు. వాళ్ళమీద నాకు హఠాత్తుగా ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది.

"ముఖ్యమైందేమీ కాదు మేడమ్. పల్లెటూరి మాట," అన్నాను ఇంగ్లీషులో.

దొరసాని కలం మూత పెట్టింది. పాస్టరుగారు పొమ్మన్నట్టు చెయ్యి ఊపారు.

వాళ్ళిద్దరూ మెట్లు దిగారు. "ఏమన్నాడే మీ అయ్యవారు?" అని తల్లి అడగడం వినిపించింది. నేను చెప్పిన ఇంగ్లీషు థర్డ్ ఫారం పిల్లకి అర్థంకానంత కష్టమైనదేమీ కాదు. అది నేను నేర్పిందే.

పిల్ల వెనక్కి తిరిగి నా వైపు ఒకసారి చూసింది.

"ఏం లేదంటమ్మా. మన ఊరి మాటంట," అంది.

తల్లి అర్థమయినట్టు తలూపింది. నేను తర్వాతి పేరు పిలిచాను.