డెర్మట్ ఇంజనుకు నేను పెట్టిన బొట్టు

మొన్న శనివారం కారు సర్వీసింగ్‌కి ఇచ్చి గ్యారేజీలో కూర్చుని ఉంటే, లోపల ఎవరో పాత సామాన్లు కిరోసిన్‌లో కడుగుతున్నట్టున్నారు, ఆ వాసన గుప్పున ముక్కుకు తగిలింది. నేను పనిచేసేది లీక్స్‌లిప్‌లో, కంప్యూటర్ చిప్పులు తయారుచేసే చోట. అక్కడ గాలిని కూడా వడగట్టి వదులుతారు, వాసన అన్న మాటే ఉండదు. అందుకేనేమో, ఆ కిరోసిన్ నన్ను చెవి పట్టుకుని టాలట్‌లో మా పక్కింటి షెడ్డులోకి, నా తొమ్మిదో ఏటిలోకి లాక్కెళ్లింది.

పక్కిల్లు డెర్మట్‌ది. నలభై ఏళ్లు బస్సుల డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన ఐరిష్ మనిషి, భార్య పోయింది, పిల్లలు లేరు. మా నాన్న దగ్గర్లోని ఆసుపత్రిలో మత్తు డాక్టరు. అమ్మ లెక్కలో డెర్మట్ "పాపం, ఒంటరి పెద్దాయన", కాబట్టి ఇంట్లో పప్పుచారు కాచినా గారెలు వేసినా ఒక గిన్నె గోడ మీదుగా అటు వెళ్లాల్సిందే, ఆదివారం అదే గిన్నె ఆపిల్ టార్టుతో ఇటు రావాల్సిందే. పచ్చిమిరపకాయ కొరికి కళ్లమ్మట నీళ్లు కారుతున్నా "గ్రాండ్, గ్రాండ్" అనేవాడు తప్ప మంచినీళ్లు అడిగేవాడు కాదు. మహా మొండి.

ఆయన షెడ్డులో ఒక తెల్ల కారు ఉండేది. అమెరికా వాళ్లు స్పోర్ట్స్ కార్లు చేయడం మొదలుపెట్టిన తొలిరోజుల నాటిది, రెండే సీట్లు, ఎర్రవి. ఎవరో సగం విప్పి వదిలేసినదాన్ని అట్టపెట్టెలతో సహా కొనుక్కొచ్చి, పన్నెండేళ్లు కూర్చుని ఒక్కో బోల్టూ బిగించాడు. టాలట్‌లో వాన పడని రోజును పంచాంగంలో వెతుక్కోవాలి. ఆ వాన రేకుల మీద టపటపలాడుతుంటే నేను బడి యూనిఫాం కూడా మార్చకుండా వెళ్లి టార్చి పట్టుకునేదాన్ని. మా ఆట ఒకటే, ఇంజను మీది అంకెలు చదవడం. ఇంజను దిమ్మ పోతపోసినప్పుడే ఉబ్బెత్తుగా వచ్చిన అక్షరం నెలకు గుర్తు, పక్కనున్నది తేదీ, చివరి అంకె సంవత్సరం. ఇంజను కారుకన్నా కాస్త ముందు పుట్టి ఉండాలి, తర్వాత పుట్టిందంటే అది వేరే బండి సొత్తన్నమాట. ఇంకోచోట, అగ్గిపెట్టెంత చదునైన జాగాలో, సుత్తితో కొట్టిన నంబరు వంకరటింకరగా ఉండేది. ఆ నంబరు కింద తలవెంట్రుకల్లాంటి సన్నని గీతలు కనిపించేవి. అవి మురికి అనుకున్నాను నేను.

పాత కార్ల క్లబ్బులో నలుగురు చేరి, ఆ ఇంజను ఈ కారుది కాదనీ, డెర్మట్‌కు ఎవరో టోపీ పెట్టారనీ వెక్కిరించేవాళ్లట. అంత అనుభవమున్న మెకానిక్‌ని పట్టుకుని ఆ మాట అంటే ఎలా ఉంటుంది? ఆయన పైకి నవ్వేసేవాడు గానీ, లోపల అది ముల్లులా గుచ్చుకునేదని నాన్నతో చెప్పాడట. చివరికి ఇలాంటి ఇంజన్లను పరీక్షించి కాగితం రాసిచ్చే ఒకాయనను బెల్‌ఫాస్ట్ నుంచి పిలిపించాడు. ఆయన వచ్చేది శనివారం. ఆ గురువారమే మా దసరా.

దసరాకి మా ఇంట్లో పనిముట్లన్నీ తోముకుని, కడుక్కుని, పసుపు కుంకుమలు పెట్టించుకునేవి. నాన్న స్టెతస్కోపు, అమ్మ కుట్టుమిషను, నా జామెట్రీ బాక్సు, రెండిళ్ల కార్లు. పులిహోర పోపు ఘాటుకు అందరికీ దగ్గు, హారతి కర్పూరం వెలిగించగానే పొగ అలారం కుయ్యోమని మొత్తుకోవడం, నాన్న స్టూలెక్కి దాన్ని తువ్వాలుతో విసరడం, ఏటా ఇదే తంతు. డెర్మట్ షాపులకెళ్లాడు, షెడ్డు తాళం మా దగ్గరే ఉంది. అమ్మ పళ్లెం నా చేతికిచ్చి, "డెర్మట్ గారి ఇంజనుక్కూడా బొట్టు పెట్టిరావే. ముందు శుభ్రంగా తోము, జిడ్డు మీద కుంకం నిలవదు. ఎల్లుండి పరీక్షంట పాపం, అమ్మవారు చూసుకుంటుంది" అంది.

తోమమంటే తోమాను. మనిషికి నుదురెలాగో ఇంజనుకు ఆ నంబరు అలాగ అనిపించింది. బల్ల మీదున్న ఉప్పు కాగితం తీసుకుని, నాలుక బయటపెట్టి మరీ, ఆ జాగా వెండి గిన్నెలా మెరిసేదాకా రుద్దాను. పసుపు రాసి, మధ్యలో కుంకుమ దిద్ది, దండం పెట్టుకుని వచ్చాను. ఎంత పొంగిపోయానో!

శనివారం ఆ బెల్‌ఫాస్ట్ ఆయన వచ్చేసరికి, డెర్మట్ అప్పుడే కుంకుమ తుడిచి గుడ్డ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. వచ్చినాయన భూతద్దం పెట్టి చూసి, తలెత్తి, "గీతలేవి?" అన్నాడు. ఫ్యాక్టరీలో ఆ జాగాను చదును చేసిన యంత్రం వదిలే గీతలట అవి. అవి ఉంటేనే నంబరు అసలుది, లేకపోతే ఎవరో పాత నంబరు గీకేసి కొత్తది కొట్టారని అనుమానించాలట. టార్చి పట్టుకుని పక్కనే నిలబడ్డ నేను మురికనుకుని రుద్దేసినవి అవే.

"దీన్నెవరు రుద్దారు?"

డెర్మట్ నా వైపు చూడనైనా చూడలేదు. "నేనే. మెరుస్తుందని ఉప్పు కాగితం పెట్టాను."

"నలభై ఏళ్లు మెకానిక్‌గా చేసి?"

"అవును."

"మరి అంకెల్లో ఈ పసుపుపచ్చ రంగేంటి?"

"పాలిష్."

వచ్చినాయన ఆయన్ని చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. ఒక్కమాట, "నేనే చేశాను అంకుల్" అంటే సరిపోయేది. టార్చి ఆర్పేసి ఇంటికొచ్చేశాను. వారం తిరక్కుండా క్లబ్బంతా నవ్వింది, ఆయన అటు వెళ్లడమే మానేశాడు. అమ్మేమో "ఎవరి దిష్టో తగిలింది" అని గోడ దగ్గరే ఆయనకు ఎర్రనీళ్లు దిగదుడిచింది. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు గానీ నా పేరెత్తలేదు.

పద్దెనిమిదేళ్లప్పుడు ఒకసారి ధైర్యం చేసి, "ఆ దసరా రోజు..." అని మొదలుపెట్టాను. "టీ చల్లారిపోతోంది, తాగు" అన్నాడు. తాగాను. వెధవ పిరికితనం, మళ్లీ ఎత్తలేదు.

డెర్మట్ పోయి రెండేళ్లు. ఆ ఇంట్లో ఇప్పుడు మనవాళ్లే, ఎంఎస్ చదివే పిల్లలు అద్దెకుంటున్నారు, షెడ్డులో వాళ్ల సైకిళ్లు, తడిబట్టలు. మధ్య గోడ తీసేసి చెక్క కంచె కట్టారు, దాని మీదుగా గిన్నె అందించడం కుదరదు. అమ్మ నా ఎలక్ట్రిక్ కారుకు దసరా నాడు బొట్టు పెడుతుంది గానీ, మూత తీస్తే లోపల చదవడానికి ఏ అంకే ఉండదు. తెల్ల కారును గాల్వేలో ఎవరో కొనుక్కున్నారు. దానితోపాటు ఆ పరీక్ష కాగితమూ వెళ్లింది. "నంబరును యజమానే స్వయంగా రుద్ది పాడుచేశాడు, ఇంజను అసలుదని ధ్రువీకరించలేం" అని ఉంటుంది అందులో. ఆ కారు ఉన్నన్నాళ్లూ ఆ మాట డెర్మట్ పేరు మీదే ఉంటుంది.

ఆ ఇంజను అసలుదే. గీకింది నేను.