రేకుల గోడ చుట్టూ

ఈ కొండలను నిలబెట్టినవాడు, పొద్దున్నే వాటిని మంచుతో మూసి మళ్ళీ తానే తెరిచేవాడు, అలసిపోయిన వాళ్ళను కూడా నా పిల్లలే అనుకునేవాడు అయిన మా తండ్రికి స్తోత్రం. ఏ మాటైనా స్తోత్రం చెప్పిన తర్వాతే మొదలుపెట్టాలని మా నాన్న నేర్పాడు. ఇప్పుడు నా దగ్గర చెప్పడానికి సంతోషకరమైన సంగతులు పెద్దగా లేవు. అయినా స్తోత్రానికి లోటు రాకూడదు.

సాలూరు నుంచి పెళ్ళై అరకు వచ్చాను. నా భర్త ఇక్కడ ఒక చిన్న సంఘానికి పాస్టరు. ఆయన్ని అందరూ అయ్యగారు అంటారు, నన్ను అమ్మగారు అంటారు. మా ప్రార్థన మందిరం చిన్నది. పెద్ద కూటాలన్నీ సంత వెనకాల మైదానంలోనే జరిగేవి. కాఫీ పళ్ళ కోత అయిపోయాక కొండల మీది గూడేల వాళ్ళు బియ్యం, చోళ్ళు మూటలు కట్టుకుని దిగివచ్చి, అక్కడే పందిరి కింద పడుకునేవారు. పగలు కుర్రాళ్ళకు వాలీబాల్ పోటీ పెట్టేవాళ్ళం. ఓడిన జట్టు వంటకు నీళ్ళు మోయాలి. ఏటా ఒకే గూడెం జట్టు మోసేది. వాళ్ళు నీళ్ళు బాగా మోస్తారని ఆడవాళ్ళం వాళ్ళ ఓటమి కోసం ఎదురుచూసేవాళ్ళం కూడా.

తర్వాత ఊరు మారింది. టూరిస్టుల కోసం రోడ్డు వెడల్పు చేశారు, రంగుల దీపాలు పెట్టారు, ఫొటోలు దిగడానికి ఊరి పేరును మనిషెత్తు అక్షరాలతో నిలబెట్టారు. మాకేమీ కోపం రాలేదు. మా సంఘం ఆడవాళ్ళు కూడా అక్కడే బొంగు చికెన్, మిరియాలు అమ్ముకుంటారు. కానీ ఒకరోజు మైదానం చుట్టూ రేకుల గోడ లేచింది. లోపల పార్కు కడతారట, జెయింట్ వీల్, కొలంబస్ ఊయల వస్తాయట. కొన్ని నెలలు తిప్పించుకుని, లీజుకు ఇచ్చేశారని పంచాయతీ ఆఫీసులో చెప్పారు.

ఊరి చివర కొత్త స్టేడియం ఉంది కదా, అక్కడ అడగమన్నారు. ఇద్దరం వెళ్ళాం.

"ఇది ఆటలకేనండి, ప్రార్థనలకి కాదు," అన్నాడు వాచ్‌మన్. "అయినా లోపల చెక్క నేల. మెత్తటి బూట్లుండాలి."

"మావాళ్ళు చెప్పులు విప్పే వస్తారు నాయనా," అన్నారు ఈయన.

"విప్పడం కాదండి, వేరేవి తొడగాలి!"

ఆ ఆదివారం ఈయన బైబిల్లోని యెరికో గోడల గురించి ప్రసంగం చేశారు. ప్రజలు ఆరు రోజులు రోజుకొకసారి మౌనంగా చుట్టూ తిరిగి, ఏడో రోజు ఏడుసార్లు తిరిగి కేక వేస్తే, కోట గోడ కూలిన సంగతి. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. వెనక కూర్చున్న ఒక గూడెం పెద్ద లేచి, "మరి మన గోడ పడతాదా అయ్యగారూ?" అని అడిగాడు.

"పడుతుంది. వచ్చే కూటాలు అక్కడే," అన్నారు ఈయన.

ఆడవాళ్ళ వైపు నుంచి ఆయన ముఖం చూశాను. ఇరవై ఏళ్ళ సేవలో ఆయన ఇలా మాట ఇచ్చింది లేదు. ఆ అడిగిన పెద్దమనిషి గూడెంలోని కుటుంబాలు కొత్తగా బాప్తిస్మం పొందినవి. వాళ్ళ కొండ మీద పూజలు చేసే దిసారి ఏదైనా జరుగుతుందని చెప్పి, అది జరగకపోతే, మరుసటేడు ఆయన గుమ్మం ఎవరూ తొక్కరు. వాళ్ళకు మాట అంటే అంత. తమ దేవతల్ని వదిలి ఈయన మాట మీదే వచ్చారు. గోడ పడకపోతే వాళ్ళు ఉండరని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

మర్నాటి నుంచి తెల్లవారుతూనే నడక. మంచులో, శాలువాలు కప్పుకుని, ఒకరి వెనక ఒకరం, నోరు విప్పకుండా రేకుల గోడ చుట్టూ ఒక్కసారి తిరిగి ఇళ్ళకు పోయేవాళ్ళం. మలుపు తిరిగి రోడ్డెక్కాకే మాటలు.

"ఏటి అమ్మగారూ, గోడ ఎప్పుడు పడతాదండి?" అనేది మా సంఘంలోని ఓ ముసలమ్మ. "నా మోకాళ్ళయితే అప్పుడే పడిపోనాయి."

"నువ్వు నోరు మూసుకుని నడవాలమ్మా."

"మూసుకునే నడిసేనండి. పళ్ళు వణికితే నానేటి సేత్తాను?"

లోపల పనివాళ్ళు మమ్మల్ని రేకుల సందుల్లోంచి చూసేవారు. పార్కు మేనేజరు కూడా గేటు దగ్గర నిలబడి నమస్కారం పెట్టేవాడు. మౌనవ్రతం కనుక మేమెవరమూ జవాబు చెప్పలేదు. అదే మేము చేసిన పొరపాటు. ఒక్కరు నోరు విప్పినా సంగతి ఇంకోలా ఉండేదేమో.

ఏడో రోజు ఏడుసార్లు తిరగాలి. వెళ్ళేసరికి గేటుకు మామిడాకులు, బంతిపూల దండలు కట్టి ఉన్నాయి. ఆ రోజే పార్కు తెరుస్తున్నారని అప్పుడే తెలిసింది. మంచు విడిచిపోయింది, ఎండ వచ్చింది, జనం పోగయ్యారు, మేము తిరుగుతూనే ఉన్నాం. చివరి చుట్టు కాగానే అయ్యగారు చెయ్యెత్తారు. అందరం గొంతు చించుకుని హల్లెలూయా అని కేక వేశాం.

గోడ నిలబడే ఉంది. గేటు మాత్రం తెరుచుకుంది.

మేనేజరు చేతులు జోడించి పరుగున వచ్చాడు. "అయ్యగారూ, రోజూ చూస్తున్నానండీ. మా పార్కు బాగుండాలని చలిలో, ఒక్క మాట మాట్లాడకుండా నడిచారు. పంతులుగారు కొబ్బరికాయ కొట్టేశారు, దిసారి బియ్యం చల్లేశాడు. ఇక మీ ప్రార్థన ఒక్కటే మిగిలింది. రండి."

అతని కళ్ళలో నీళ్ళున్నాయి. వెటకారం ఏ కోశానా లేదు. లోపల జెయింట్ వీల్ పెట్టెల్లో పిల్లలు ఎక్కి కూర్చున్నారు. సగం మంది మా సండే స్కూలు వాళ్ళే. కింద పెట్టెలో ఇనుపకడ్డీ పట్టుకున్న ఒక గుంట పిల్ల మమ్మల్ని చూసి అరిచింది: "అయ్యగారూ, బేగి సెయ్యండి! నేకపోతే దింపీత్తారు!"

ఆయన నడిచి వెళ్ళారు. ఆ ఇనుప స్తంభం మీద చెయ్యి వేసి ప్రార్థించారు. ఏ బిడ్డా జారిపడకూడదని, దాన్ని తిప్పే ఒరియా కుర్రాళ్ళు క్షేమంగా ఇంటికి చేరాలని. అందరికన్నా గట్టిగా మేనేజరే ఆమెన్ అన్నాడు. చక్రం కదిలింది. పిల్లల కేకలు మా కేకకంటే పైకి పోయాయి.

లడ్డూలు పంచారు. గూడెం పెద్ద తీసుకోలేదు.

"అయ్యా," అన్నాడు, "గోడ పడాలని మమ్మల్ని తిప్పినావు. ఆ గోడ లోపలికే ఎల్లి దీవించినావు. నీ దేవుడు ఇందులో ఏ మాట ఇన్నాడు?"

ఆ పెద్ద తనవాళ్ళను పిలుచుకుని కొండెక్కాడు. తర్వాతి ఆదివారం వాళ్ళ చాపలు ఖాళీ. ఆ పై ఆదివారమూ అంతే.

"పిల్లల కోసం ప్రార్థించడం తప్పు కాదండీ," అన్నాను ఇంట్లో.

"అది తప్పు కాదు," అన్నారు. "పడుతుందని అన్నది తప్పు. ఆ మాట నాది. దేవుడు నాకు చెప్పింది కాదు."

ఇదే మాట ఆయన సంఘం ముందూ చెప్పారు. ముసలమ్మ మాత్రం, "పోనీండి అయ్యగారూ, అందరం అలిసినాం," అంది. అప్పటి నుంచి ఆయన ప్రసంగాలు కురచనయ్యాయి. వాక్యం చదువుతారు, కాసేపు నిలబడతారు, కూర్చుంటారు. ఈసారి కూటాలు బడి ఆవరణలో జరిగాయి. పందిరి సగం ఖాళీగా ఉంది.

అంతకు ముందే, వాళ్ళు రావడం మానేసిన నెలకు, ఇద్దరం ఆ గూడేనికి వెళ్ళాం. ఒక్క ఊపున ఎక్కడం నా వల్ల కాలేదు, నాలుగుచోట్ల కూర్చున్నాను. పెద్ద మమ్మల్ని పొమ్మనలేదు. అంబలి ఇచ్చాడు. కాఫీ ఎండబెట్టే పట్టాల గురించి, వాన గురించి మాట్లాడాడు. ఈయన కాయలు తిరగేస్తూ విన్నారు. దేవుని మాట ఎవరూ ఎత్తలేదు. లేచి వస్తుంటే పెద్ద అన్నాడు: "ఒత్తా ఉండండి. ఒట్టినే రండి. ఏదో జరుగుతాదని మాత్రం సెప్పొద్దు."

"చెప్పను," అన్నారు ఈయన.

అప్పటి నుంచి వారం వారం వెళ్తున్నాం. అంబలి తాగి, కాయలు తిరగేసి, దిగి వస్తున్నాం. ఒకరోజు ఆ పెద్దాయన మనవరాలికి జ్వరం. ఇంట్లోవాళ్ళు ఈయన ముఖం చూశారు. ఈయన ఆ పెద్దాయన ముఖం చూశారు. ఆయన తల ఊపాడు. ఈయన ఆ పిల్ల పక్కన మోకరించారు గానీ, గొంతులోంచి ఒక్క మాట రాలేదు. అలాగే లేచారు. పిల్లను ఆస్పత్రికి మోసుకుని దించాం. జ్వరం తగ్గింది. కానీ ఈయన ఆ ఇంట్లో ఇంకా నోరు విప్పి ప్రార్థించలేదు.

చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. ఆ మైదానం గురించి నేనిప్పుడు అడగడం లేదు, పిల్లలు అక్కడ ఆడుకోనీయండి. ఈ కాగితం పక్కన పెట్టి, ఒక్క నిమిషం మాతో కలిసి కళ్ళు మూసుకోండి. తండ్రీ, మేము తొందరపడి నీ పేరున అన్న మాటల్ని క్షమించు, నీ సేవకుడికి గొంతు తిరిగి ఇవ్వు, ఆ కొండ మీది ఇంటిని విడిచిపెట్టకు అని మాతోపాటు అడగండి.